రిఫరీ పన్ను పీకిన వైనం

మన కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పుట్టిన నాటి నుంచి నేటి వరకు ఒక్క ఫైనల్ కూడా ఓడిపోలేదని అభిమానుల సంఘం మరొకసారి సగర్వంగా ప్రకటించింది. కప్పు మాత్రం ఏటా అవతలి కాలేజీ వాళ్ళు పట్టుకుపోతున్నారు. ఈ రెండు విషయాలకూ పొంతన కుదరడం లేదని అమాయకులెవరైనా సందేహపడితే సంఘం ఓపికగా వివరిస్తుంది. ఆడి గెలవడం వేరు, రిఫరీ గెలిపించడం వేరు. మొదటిది మనం ఏటా చేస్తూనే ఉన్నాం. రెండోది మనవల్ల కాదు, ఎందుకంటే మనం మర్యాదస్తులం.

సంఘానికి అధ్యక్షులు పళ్ళ డాక్టరుగారు. మన కాలేజీలో చదివే రోజుల్లో ఆయన ఫుట్‌బాల్ జట్టుకు ఎనలేని సేవ చేశారు. అంటే, బంతుల్లో గాలి కొట్టేవారు. ఆ గాలి ఇంకా ఆయనలోనే ఉండిపోయిందని ఆయన శ్రీమతి అంటూ ఉంటారు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు కావడం వల్ల ఆవిడ మాటల్లో కవిత్వం తక్కువ.

ప్రతి ఓటమి తరువాత, పొరపాటు, ప్రతి నైతిక విజయం తరువాత సంఘం వారు తమ కప్పు తామే చేయించుకుంటారు. అసలు కప్పు కన్నా అది ఒక బెత్తెడు ఎత్తు ఉండాలన్నది నియమావళిలో మొదటి నియమం. ఈ కప్పులన్నీ డాక్టరుగారి ఆసుపత్రిలో, రోగులు కూర్చునే గదిలో, అద్దాల బీరువాలో మెరుస్తూ ఉంటాయి. దవడ పట్టుకుని వచ్చినవాళ్ళు వాటిని చూసి, పళ్ళు పీకడంలో ఈయన ఇన్ని బహుమతులు కొట్టాడా అని గుండె దిటవు చేసుకుంటారు. డాక్టరుగారు ఆ అపోహను పోగొట్టే ప్రయత్నం ఎన్నడూ చేయలేదు.

ఇక రిఫరీ సంగతి. ఆయన వారమంతా తూనికలు కొలతల ఆఫీసులో పనిచేస్తాడు. దుకాణాలకు వెళ్ళి త్రాసులు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తాడు. సరిచూడడం అనే ఆ జబ్బు ఆదివారం కూడా తగ్గకపోవడంతో ఈల మెళ్ళో వేసుకుని మైదానంలో దిగుతాడు. అభిమానులు ఆయనకు గుడ్డిదీపం అని పేరు పెట్టారు. పెట్టింది డాక్టరుగారే. మొదటి వరసలో నిలబడి ఆయన ఆ పేరు ఎత్తుకుంటే, వెనక వెయ్యి గొంతులు అందుకుంటాయి. ఏ నినాదమైనా అధ్యక్షులే మొదలుపెట్టాలన్నది నియమావళిలో రెండో నియమం. మూడోది లేదు.

పోయిన ఏడాది ఫైనల్లో జరిగిన అన్యాయం మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే డాక్టరుగారి కుర్చీలో ఒకసారి నోరు తెరుచుకుని కూర్చోండి, తెలుస్తుంది. ఆట సమానంగా ముగిసి పెనాల్టీ షూటౌట్‌కు వెళ్ళింది. అంటే గంటన్నర సేపు ఇరవై రెండు మంది చెమటోడ్చినా తేలనిదాన్ని, ఒకడు తన్నితే ఒకడు ఆపే పద్ధతిలో తేల్చడం. అందులో ఉన్న నిబంధనలు రెండే. రిఫరీ ఈల వేశాకే తన్నాలి. తన్నేదాకా గోల్‌కీపరు గీత మీదే ఉండాలి. మనవాడు తన్నకముందే వాళ్ళ గోల్‌కీపరు గీత దాటి ముందుకొచ్చి బంతి ఆపాడని మన వెయ్యి మందీ చూశారు. మైదానానికి అవతలి చివర కూర్చున్నవాళ్ళు మరీ స్పష్టంగా చూశారు. గీతకు రెండడుగుల దూరంలో ఉన్న రిఫరీ ఒక్కడే చూడలేదు.

ఆ రోజు నుంచి డాక్టరుగారికి అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని ఉప్పుడబ్బాను గోల్‌కీపరుగా, మంచినీళ్ళ గ్లాసును మనవాడిగా నిలబెట్టి శ్రీమతికి చూపించేవారు.

"అంత దగ్గర్నుంచి కనపడలేదంటే వాడికి కళ్ళున్నట్టా, లేనట్టా?"

"మొన్న మీ కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికిందండీ," అనేవారు ఆవిడ, ఉప్పుడబ్బా తన వైపు లాక్కుంటూ.

ఈ ఏడాది మన జట్టు మళ్ళీ ఫైనల్‌కు చేరింది. అసలు కప్పు ఒక్కసారైనా ఆ బీరువాలో పెట్టి కన్ను మూయాలన్నది డాక్టరుగారి కోరిక. దానికోసం పై అరలో జాగా ఖాళీగా ఉంచి, రోజూ తానే తుడుచుకునేవారు. ఇలాంటి సమయంలో, ఆదివారం ఆట అనగా గురువారం పొద్దున, దవడ వాచిపోయి ఒక రోగి వచ్చి ఆ బీరువా కిందే కూర్చున్నాడు. గుడ్డిదీపం.

మైదానంలోంచి చూస్తే జనం ముఖాలన్నీ ఒకలాగే ఉంటాయి కాబట్టి ఆయన డాక్టరుగారిని గుర్తుపట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలాక మాత్రం, "ఈ గొంతు ఎక్కడో విన్నానండీ," అన్నాడు.

"నోరు తెరవండి," అన్నారు డాక్టరుగారు.

కుడివైపు కింది దవడ పన్ను పుచ్చిపోయి ఉంది. పీకేయడమే మార్గం. మత్తు సూది వేశారు. పక్కనున్న నర్సు ఆవలించింది. నోరు మొద్దుబారడానికి కొంచెం సమయం పడుతుంది. లోకంలో ఏ అభిమానికీ దక్కని అదృష్టం ఆ కాస్త సమయంలో డాక్టరుగారికి దక్కింది. ఎదురుగా రిఫరీ. రిఫరీ నోరు తెరిచి ఉంది. మాట్లాడలేడు.

"ఊరికే అడుగుతున్నాను, ఏమనుకోకండి," అని మొదలుపెట్టారు డాక్టరుగారు, నోట్లో దూది కుక్కుతూ. "పోయిన ఏడాది షూటౌట్‌లో వాళ్ళ గోల్‌కీపరు గీత దాటాడా, దాటలేదా?"

"ఆ... ఊ..." అన్నాడు రిఫరీ.

"చూశారా, మీరే ఒప్పుకుంటున్నారు."

ఆ తరువాత జరిగినదాన్ని వైద్య చరిత్రలో కాదు, క్రీడా చరిత్రలో రాయాలి. డాక్టరుగారు సన్నటి ఇనుప కాడ తీసుకుని రిఫరీ నోట్లోనే మైదానం గీశారు. కింది వరస మన జట్టు. పై వరస వాళ్ళ జట్టు. ఈ కోరపన్ను మన కెప్టెన్. పై వరసలో ముందు పన్ను వాళ్ళ గోల్‌కీపరు. రిఫరీగారి ముందు పన్ను పుట్టుకతోనే వరస దాటి కొంచెం ముందుకు ఉంటుంది. అది చూసేసరికి డాక్టరుగారికి ఒళ్ళు మండిపోయింది.

"ఇదిగో! ఇదిగో చూడండి! మనవాడు ఇంకా తన్నలేదు. వీడు అప్పుడే ముందుకొచ్చి నిలబడ్డాడు! కనపడుతోందా? ఇంత కొట్టొచ్చినట్టు కనపడుతుంటే ఏం చేయాలి? ఉంచాలా? బయటికి పంపాలా?"

"ఆ! ఆ!" అన్నాడు రిఫరీ, రెండు చేతులూ ఊపుతూ.

"అదీ మాట! పంపాల్సిందే!" అన్నారు డాక్టరుగారు. నర్సు అలవాటు చొప్పున పటకారు చేతికిచ్చింది. ఆయన గోల్‌కీపరును బయటికి పంపేశారు.

పటకారు చివర పన్ను తెల్లగా, నిండుగా, ఏ పాపమూ ఎరగకుండా మెరుస్తోంది. పుచ్చుపన్ను మాత్రం నోట్లో దాని చోట అది క్షేమంగా ఉంది.

"డాక్టరుగారూ, దవడ పన్ను కదండీ తీయాల్సింది?" అంది నర్సు మెల్లగా.

"నేను నిలబడిన వైపు నుంచి..." అన్నారు డాక్టరుగారు.

రిఫరీ నెమ్మదిగా చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ఆటలో తప్పు చేసినవాళ్ళకు హెచ్చరికగా చూపే పసుపు కార్డు తీసి డాక్టరుగారి ముఖం ముందు ఎత్తి పట్టుకున్నాడు. తరువాత మళ్ళీ వెనక్కి వాలి నోరు తెరిచాడు. ఈసారి డాక్టరుగారు కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని, అసలు పన్ను తీశారు. మొద్దుబారిన నోటితోనే రిఫరీ, తీసిన పన్ను మళ్ళీ పెట్టడం కుదురుతుందా అని అడిగాడు. ఒకసారి అయిపోయాక ఇక మార్చడానికి లేదని, ఆదివారం దాటాక కట్టుడు పన్ను పెడతానని డాక్టరుగారు తలవంచుకుని చెప్పారు.

"నాకు తెలుసులెండి, మేమూ అదే చెబుతాం," అన్నాడు రిఫరీ. గొడవ చేయలేదు, ఫిర్యాదు రాయలేదు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు. కేకలు వేసి ఉంటే డాక్టరుగారికి ఎంతో హాయిగా ఉండేది.

విషయం తెలిసి ఆ సాయంత్రమే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులు రాజీనామా చేస్తానన్నారు. ఉపాధ్యక్షులు, రిటైరైన ఎకనామిక్స్ మేష్టారు, లేచి గొంతు సవరించుకున్నారు.

"సభ్యులారా! నోరు ఎంత? చారెడు. అందులో వెలుతురెంత? దాదాపు సున్నా. పళ్ళా, అన్నీ తెల్లగా ఒక్కలాగే ఉంటాయి. అటువంటి చోట, రెప్పపాటులో, ఒత్తిడి మధ్య నిర్ణయం తీసుకోవలసిన మనిషిని, తీరిగ్గా బయట కూర్చున్నవాళ్ళు తప్పుపట్టడం సంస్కారమేనా? పొరపాటు చేయని మనిషి ఉంటాడా? ఉంటే చూపించండి, సన్మానం చేద్దాం!"

చప్పట్లు మారుమోగాయి. నిపుణుల పొరపాట్లను సమాజం పెద్దమనసుతో అర్థం చేసుకోవాలని మొదటి తీర్మానం చేశారు. రిఫరీ పోయిన ఏడాది చేసిన పొరపాటుకు ఆయన్ని ఆటల ప్రపంచం నుంచే వెలివేయాలని రెండో తీర్మానం. రెండూ ఏకగ్రీవంగా నెగ్గాయి. డాక్టరుగారు ఒక్కరే రెండోదానికి చెయ్యి ఎత్తడంలో కొంచెం ఆలస్యం చేశారు. అది మేష్టారు గమనించారు.

ఆదివారం వచ్చింది. ఆట మళ్ళీ సమానంగా ముగిసింది. మళ్ళీ షూటౌట్. చివరి తన్ను మనది. మన కెప్టెన్ తన్ని లోపల వేస్తే కప్పు మనదే. మొదటి వరసలో డాక్టరుగారు, పక్కన శ్రీమతి. ఆయన కళ్ళ ముందు పై అరలోని ఖాళీ జాగా కదలాడుతోంది.

రిఫరీ చెయ్యి ఎత్తాడు. ఈల పెదాల మధ్య పెట్టుకున్నాడు. బుగ్గలు పూరించి ఊదాడు. పన్ను ఉండాల్సిన సందులోంచి గాలంతా "ఫుస్" మని పోయింది. ఈల మోగలేదు. పూరించిన బుగ్గలు చూసి మన కెప్టెన్ మాత్రం ఈల మోగిందే అనుకుని ఒక్క తన్ను తన్నాడు. బంతి వెళ్ళి వలలో పడింది. మైదానం దద్దరిల్లింది. మేష్టారు పక్కనున్న సంఘ సభ్యుణ్ణి, బేకరీ నడిపే ఆయన్ని, కౌగిలించుకుని ఏడ్చేశారు.

రిఫరీ తల అడ్డంగా ఊపాడు. ఈల మోగలేదు, కాబట్టి తన్ను చెల్లదు. మళ్ళీ తన్నాలి.

రెండోసారి ఆయన ఈలను నోటి మూలకు, పళ్ళున్న చోటికి, తోసుకున్నాడు. ఈల ఖంగుమని మోగింది. కెప్టెన్ తన్నిన బంతి గోలు పైకర్ర మీదుగా ఎగిరి, పార్కింగులో ఉన్న డాక్టరుగారి కారు అద్దం మీద పడింది. లెక్క సమానం కావడంతో చెరొక అదనపు తన్ను ఇస్తే, అందులో వాళ్ళు నెగ్గి కప్పు పట్టుకుపోయారు.

"ఈల వేయడం కూడా చేతకాని వాడు రిఫరీయా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. వెయ్యి మందీ లేచారు. "పీకండి! వాడి పళ్ళు పీకి చేతిలో పెట్టండి!" అని మరొకరు నినాదం అందించారు.

అయితే నియమం ప్రకారం నినాదం అధ్యక్షులే మొదలుపెట్టాలి. అందరూ ఆయన వైపు చూశారు. డాక్టరుగారు లేచి నిలబడ్డారు. మైదానం మధ్యలో రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఒంటరిగా నిలబడ్డ మనిషిని చూశారు. నోరు తెరిచారు. ఏమీ రాలేదు. నోరు మూసుకుని కూర్చున్నారు.

"పోనివ్వండి, మీ వంతు ముందే అయిపోయిందిగా," అన్నారు శ్రీమతి, ఆయన చెయ్యి పట్టుకుని.

ఆ రాత్రే సంఘం మళ్ళీ సమావేశమై డాక్టరుగారిని అధ్యక్ష పదవి నుంచి ఏకగ్రీవంగా తొలగించింది. రిఫరీకి అమ్ముడుపోయారని మేష్టారు కన్నీళ్ళతో ప్రకటించారు. పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. అది నిపుణుల పొరపాటు, దానిమీద తీర్మానం ఉంది. కొత్త నైతిక విజయం కప్పు బేకరీలో కేకుల పక్కన పెట్టారు, పాత కప్పులు కూడా తరలించారు. ఖాళీ అయిన అద్దాల బీరువాలో ఇప్పుడు టూత్‌బ్రష్‌లు పెట్టి అమ్ముతున్నారు. రిఫరీకి కట్టుడు పన్ను కుదిరింది. కొంచెం ముందుకే పెట్టించుకున్నాడు, అలవాటైన చోట.

డాక్టరుగారి వైద్యానికి మాత్రం ఏ లోటూ రాలేదు. సంఘం సభ్యులందరూ నేటికీ ఆయన దగ్గరికే వెళుతున్నారు, కళ్ళు మూసుకుని నోరు తెరుస్తున్నారు. మేష్టారు కూడా పోయిన వారం వెళ్ళారు. మనలో మాట, మనమూ వెళ్ళాం. డాక్టరుగా ఆయనకు వంక పెట్టడానికి లేదు, తప్పు పన్ను పీకడం ఎవరికైనా జరిగేదే. అరవాల్సిన చోట అరవని మనిషిని నమ్మడమెలా అన్నదే మన బాధ.