పోటు ఏ అంతస్తుది?

మనిషి శరీరం ఒక్కటేనన్న మూఢనమ్మకం నుంచి మానవజాతిని విముక్తం చేసిన ఘనత పెద్దాసుపత్రి భవనానికి దక్కుతుంది. అందులో పురుష హార్మోన్ విభాగం మూడో అంతస్తులోనూ, రక్తపోటు విభాగం కింది అంతస్తులోనూ ఉన్నాయి. నడుమ మెట్లున్నాయి. (లిఫ్టు కూడా ఉంది. అది ఇంకా ప్రారంభోత్సవానికి ఎదురుచూస్తోంది.)

ఈ జ్ఞానం క్రేన్ డ్రైవరుకు నడివయసులో కలిగింది. మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి ఒకటి చెప్పాపెట్టకుండా పని మానేసింది. (రాజీనామా కూడా ఇవ్వలేదు.) ఒంట్లో పురుష హార్మోన్ అడుగంటింది. బలం పోయింది, కోరిక పోయింది, అన్నిటికన్నా ముందు మెలకువ పోయింది. ఆకాశంలో అద్దాల గదిలో కూర్చుని, ఇనుప దూలాలను మనుషుల తలల మీదుగా తిప్పే ఉద్యోగానికి మెలకువ ఉంటే మంచిదని కింద పనిచేసేవాళ్ల అభిప్రాయం. ఆ దూలాలకు కింద కొక్కెం తగిలించేది అతని బావమరిదే కాబట్టి, ఆ అభిప్రాయం ఇంట్లో కూడా వినిపించేది.

మూడో అంతస్తు డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు మనిషి తేరుకున్నాడు. ఒకనాడు అన్నం ముందు కూర్చుని జోకు వేస్తే, భార్య కంగారుపడి నుదురు తాకి చూసింది. బావమరిది గుమ్మంలోంచే అందుకున్నాడు.

“ఏం బావా, పోటుగాడివైపోయావే!”

“నోర్ముయ్‌రా” అన్నాడు గాని, ఆ మాట లోపలెక్కడో తియ్యగానే తగిలింది.

ఆ తీపి ఎన్నాళ్లో నిలవలేదు. పనిచోట, క్రేన్ ఎక్కేముందు చేసే పరీక్షలో, నర్సు అతని చేతికి పట్టీ చుట్టి, మిషను వంక చూసి పెదవి విరిచింది.

“అన్నా, పోటు బాగా ఎక్కువుంది. అది దిగేదాకా నువ్వు ఎక్కడానికి లేదు.”

అతను మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్లి, ఆయాసపడుతూ సంగతి చెప్పాడు. డాక్టరు లేచి కరచాలనం చేశాడు.

“పోటు పెరిగిందా! శభాష్. మందు పనిచేస్తోందన్నమాట.”

“ఆ పోటు కాదు సార్. రక్తపోటు.”

డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఓ, అదా? అది కింది అంతస్తు పోటు. మాది కాదు. అది తగ్గించుకునిరా, అప్పుడే తర్వాతి ఇంజెక్షన్.”

రక్తపోటు చూసే ముందు రోగి ప్రశాంతంగా కూర్చోవాలని శాస్త్రం చెబుతుంది. ఆ శాస్త్రాన్ని అమలు చేయడానికి కింద ఒక ప్రశాంతతా పర్యవేక్షకుడిని నియమించారు. ఆయన బెంచీల మధ్య తిరుగుతూ, కదిలినవాళ్లనూ, దగ్గినవాళ్లనూ కేకలు వేసి ప్రశాంతపరుస్తుంటాడు.

“ఏయ్, నిన్నే! ప్రశాంతంగా ఉండమన్నానా లేదా? ఏం, చెప్తే అర్థం కాదా?”

ఇలా ప్రశాంతపడ్డాక చూస్తే, క్రేన్ డ్రైవరు పోటు మరికాస్త పెరిగింది. డాక్టరమ్మకు కారణం ఇట్టే తెలిసిపోయింది.

“ఆ ఇంజెక్షన్ వల్లే. రక్తం చిక్కబడుతోంది. ఆపెయ్యండి.”

“ఆపితే నిద్ర ముంచుకొస్తుంది మేడమ్. పైన కూర్చుని కునికితే కింద మా బావమరిది ఉంటాడు.”

“నిద్ర మా విభాగం కాదండీ.”

“పోనీ, పోటు తగ్గడానికి మాత్రేదైనా ఇవ్వండి.”

“కారణం తెలియని పోటుకే మేం మాత్రలిస్తాం. మీ పోటుకి కారణం ఉంది, అది మూడో అంతస్తులో ఉంది.” ఆమె కొంచెం మెత్తబడింది. “నిజానికి మోతాదు తగ్గించి, మాత్ర కలిపి, రక్తం చిక్కదనం అప్పుడప్పుడూ చూస్తుంటే రెండూ సర్దుకోవచ్చు. కానీ అందుకు ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకోవాలి.”

ఏళ్లకోసారి వచ్చే గ్రహణం గురించి చెప్పినట్టు చెప్పిందా మాట. అతని వెంట వచ్చిన భార్య ఇక ఆగలేకపోయింది.

“మాట్లాడుకోండి మేడమ్. పైనున్న డాక్టరుగారు మీ ఆయనే కదా! పొద్దున ఒకే కారులో దిగారు, చూశాను.”

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“ఇంటి విషయాలు ఆసుపత్రికి తేకూడదు, ఆసుపత్రి విషయాలు ఇంటికి తీసుకెళ్లకూడదు. మేమిద్దరం ఖచ్చితంగా పాటిస్తాం.” (ఈ నిష్ఠకు గుర్తింపుగా ఆ దంపతులకు నిరుడు సమన్వయ పురస్కారం లభించింది.)

ఇంజెక్షన్ ఆగింది. పోటు దిగింది. కింది అంతస్తు దాన్ని తన విజయంగా నమోదు చేసుకుంది. పోటు దిగింది కాబట్టి మూడో అంతస్తు మళ్లీ ఇంజెక్షన్ మొదలుపెట్టింది. బలం వచ్చింది. అది మూడో అంతస్తు విజయం. పోటు కూడా వచ్చింది. ఒకే రోగి మీద రెండు విభాగాలు ఇలా వంతులవారీగా గెలుస్తూ ఉన్నాయి.

మెలకువ ఉన్న రోజుల్లో అతన్ని క్రేన్ ఎక్కనివ్వరు. ఎక్కనిచ్చే రోజుల్లో మెలకువ ఉండదు. ఈ ఇద్దరు మనుషుల్లో తానెవరో అతనికి అంతుపట్టలేదు. ఇద్దరిలో ఎవరూ తాను కాదేమోనన్న అనుమానం ఒకసారి కలిగింది గాని, అది ఏ అంతస్తులో చెప్పుకోవాలో తెలియలేదు.

ఆ ఉదయం నర్సు పట్టీ విప్పి, నిండుగా నవ్వింది. “సూపర్ అన్నా! నిక్షేపంగా ఉన్నావ్. ఎక్కెయ్.”

అతను ఆవలిస్తూ నిచ్చెన దగ్గరికి నడిచాడు. కింద బావమరిది ఎదురొచ్చాడు.

“బావా, పోటు ఎలా ఉంది?”

“అస్సలు లేదురా. నిక్షేపంగా ఉన్నానంది.”

బావమరిది హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు.