పద్నాలుగో వారం గ్రేసీ

వారపత్రికల డిటెక్టివ్ సీరియళ్ళను సినిమావాళ్ళు దొంగిలిస్తున్నారని గోల పెట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి వేస్తుంది. దొంగతనమా అది? సమాజసేవ! అలాంటి సేవ చేసేవాళ్ళకు ప్రభుత్వం పింఛను ఇవ్వాలని నా అభిప్రాయం.

ఒక్కసారి ఆలోచించండి. మన కోట్టయం పత్రికలే లేకపోతే, వాటిని బస్టాండులో కొని లాడ్జి గదిలో తలుపేసుకుని చదివే సహాయ దర్శకులే లేకపోతే, మన సినిమాల్లో హత్యలు ఎలా జరిగేవి? మామూలుగా జరిగేవి. గట్టు తగాదాలో, ఓ కొబ్బరిచెట్టు కోసం, పట్టపగలు, పదిమంది చూస్తుండగా. అందులో సస్పెన్స్ ఏముంది?

ఇప్పుడో? హంతకుడు ఏప్రిల్ ఉక్కలో కూడా మోకాళ్ళ దాకా రెయిన్‌కోటు వేసుకుంటాడు. చేతులకు తోలు గ్లవ్స్. ఆ గ్లవ్స్ మన జిల్లాలో ఏ దుకాణంలోనూ దొరకవు. అయినా ప్రతి హంతకుడి దగ్గరా ఒక జత ఉంటుంది. ఇది అభివృద్ధి కాదా?

జనంలో తెలివితేటలూ పెరిగాయి. మొన్నామధ్య మా వీధిలో ఉతుప్పు తాత తొంభై ఒకటో ఏట నిద్రలోనే కన్నుమూశాడు. సమాధి మట్టి ఇంకా ఆరలేదు, నలుగురు నన్ను పక్కకు పిలిచి, "ఆఖరి పాలగ్లాసు ఎవరిచ్చారు సారూ?" అని అడిగారు. ఒకామె కోడలి చేతుల వంక పరీక్షగా చూసింది. గ్లవ్స్ కోసం.

పోలీసులు మాత్రం వెనకబడ్డారా? మా ఎస్సైగారు కోడిపెట్ట పోయిందన్న ఫిర్యాదు మీద వచ్చి, ఇంటిల్లిపాదినీ హాల్లో వరసగా కూర్చోబెట్టి, కిటికీ వైపు తిరిగి, "మీలో ఒకరు అబద్ధం చెబుతున్నారు" అన్నారు. కోడి అప్పటికే పొరుగింటి కుండలో ఉడుకుతోంది. అయితేనేం, ఆ మాట అన్న తీరు ఎంత బాగుంది!

ఇంకో మాట. కథల దొంగను మించిన పాఠకుడు లేడు. రచయిత భార్య కూడా సగం చదివి పత్రికను చేపల పొట్లానికి వాడుకుంటుంది. దొంగ ఒక్కడే అక్షరం వదలకుండా చదువుతాడు.

ఈ సేవలో మా అవిరా వాటా తక్కువేమీ కాదు.

అవిరా రిజిస్ట్రారాఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాస్తాడు. సాయంత్రాలు ఈ పత్రికకు సీరియళ్ళు రాస్తాడు, పద్దెనిమిదేళ్ళుగా. ఇప్పుడు నడుస్తున్న ‘యాలకుల బంగళా’ అతనిదే. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక విషాల విభాగం నాది. సోమవారం తెల్లవారగానే అతను కాగితాలు నా బల్ల మీద పెట్టి వెళతాడు. నేను చూసి ప్రెస్‌కు పంపుతాను.

మూడు వారాల కిందట ఒక సినిమా వచ్చింది. కొండ మీద యాలకుల తోట, బంగళా, డాక్టరు, విషం. పేర్లు మార్చారు. అంతకు మించి శ్రమ పడలేదు. కత్తిపోటు తిన్న తోట యజమాని ప్రాణం పోతూ హీరో చెయ్యి పట్టుకుని, "తూర్పున వాగు... పడమర కురువిళ్ళగారి రబ్బరు తోట... ఉత్తరాన పంచాయతీ రోడ్డు..." అన్నాడు. చావబోయేవాడి చేత హద్దులు చెప్పించేది దస్తావేజు లేఖరి కాక ఇంకెవరు?

‘కథ’ అన్నచోట నిర్మాతగారి పేరు పడింది. రెండేళ్ళ కిందట పడవలో పోతుంటే తనకు తట్టిందని ఆయన ఒక సినిమా పత్రికకు చెప్పారు కూడా. మన కాలవల మీద పోయే పడవల్లో ఏమేం తడతాయో ఎవరు చెప్పగలరు?

అవిరా సంతోషించాలి కదా. కానీ టీకొట్టు చాకోచ్చన్ ఊరుకోలేదు.

"ఏం అవిరా, సినిమా చూసి బాగానే దింపుతున్నావట?"

"నేను మొదలుపెట్టి ఆర్నెల్లయింది చాకోచ్చా. సినిమా మొన్న కదా వచ్చింది."

"సినిమా తీయడానికి రెండేళ్ళు. నువ్వు రాయడానికి రెండు గంటలు. మరి ఏది ముందు?"

"హద్దులు నావి కావా?"

"మన జిల్లాలో పోయేవాడెవడైనా హద్దులే చెబుతాడు. మా నాన్న చెప్పలా?"

అక్కడున్న అందరి నాన్నలూ చెప్పినవాళ్ళే.

అసలు దెబ్బ గ్రేసీ వల్ల తగిలింది. గ్రేసీ అంటే ‘యాలకుల బంగళా’లో డాక్టరు భార్య. తొమ్మిదో వారం విషంతో చనిపోయింది. పూడ్చిపెట్టారు. పద్నాలుగో వారం ఇన్‌స్పెక్టరు బంగళాకు వచ్చినప్పుడు, అదే గ్రేసీ వంటింట్లోంచి కాఫీ తెచ్చి ఇచ్చింది. సినిమాలోనూ తెచ్చింది. కాకపోతే ఆఖరి రీలులో, కాఫీ తెచ్చినామె చనిపోయినామెకు కవల అని తేలింది. హాలంతా ఈలలు!

అవిరా భార్య ఏలిక్కుట్టి మాట్నీ నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది. అవిరా అప్పుడు ఇక్కడే ఉన్నాడు.

"వాళ్ళ ఆమె కవల. మన గ్రేసీ ఎవరండీ?"

అవిరా నా బల్ల మీది పాత సంచికలు తిరగేయసాగాడు.

"అంటే ఎక్కడో సగం విని రాశారన్నమాట. దించితే దించారు, పూర్తిగా వినొచ్చుగా. రేపు చర్చిలో మా వదినకు నా మొహం ఎలా చూపించను?"

ఆమె గొడుగు విసురుగా తెరుచుకుని వెళ్ళాక అవిరా తొమ్మిదో వారం సంచిక నా ముందుకు తోశాడు.

"మరిచిపోయాను సారూ. ఆ వారం ఆరు దస్తావేజులు. ఆమెను చంపిన సంగతే మరిచిపోయాను."

చూశారా సినిమావాళ్ళ ఔదార్యం! రచయిత మతిమరుపుకు కూడా కారణం కల్పించి పెట్టారు. ఆ కారణాన్ని పట్టుకునే ఊరు అతన్ని దొంగను చేసింది. పోయిన వారం ఎడిటర్‌గారికి నూట ముప్పై ఉత్తరాలు వచ్చాయి. ఈ సంచికలోగా మచ్చ చెరుపుకోకపోతే సీరియల్ ఆపేస్తాననీ, ఇక అవిరా పేరు ఈ పత్రికలో కనిపించదనీ ఆయన తేల్చి చెప్పారు.

"నా పొరపాటేనని అచ్చులో ఒప్పుకుంటానండీ" అన్నాడు అవిరా. "నా కథలో చిరుగుంది, వాళ్ళు అతుకేశారు. అతుకేసినవాడు బట్ట నేసినవాడెలా అవుతాడు?"

"నువ్వంటే చాలదయ్యా. ఇవాళ మరిచిపోయానంటావు, రేపు మీ గ్రేసీకీ కవలుందంటావు. అచ్చుకు ముందు చదివినవాళ్ళెవరైనా చెప్పాలి."

"తమరు చదివారు కదా."

"నేను సంపాదకుణ్ణి. చదివే తీరిక నాకెక్కడిది?"

అందుకని అవిరా నా దగ్గరకు వచ్చాడు. "మూడు ముక్కలు రాయండి సారూ. కవల అన్న ఊహే నాకు లేదని, అది ఉత్త మతిమరుపని, మీరు కూడా గమనించలేదని. అంతే చాలు."

మొదటి రెండు ముక్కలూ రాశాను, ఇవే. ఈ పేజీ మీ చేతికి వచ్చిందంటే ఎడిటర్‌గారు ఒప్పుకున్నట్టే. ‘యాలకుల బంగళా’ ఇరవై ఏడో భాగం పక్క పేజీలోనే ఉంది.

మూడో ముక్క రాయడం నా వల్ల కాలేదు. నేను గమనించాను.

పద్నాలుగో వారం కాగితాలు వచ్చిన సోమవారం ఎర్ర పెన్సిలు నా చేతిలోనే ఉంది. తొమ్మిదో వారం విషం సరిచూసినవాణ్ణి, ఆమె పోయిన సంగతి నాకు తెలియదా? గ్రేసీ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "పంచదార తక్కువేశాను, చూసుకోండి" అంది. మా ఇంట్లో నేను కాక ఇంకొకరు కాఫీ కలిపి అప్పటికి నాలుగేళ్ళు దాటింది, మా ఆవిడ అన్నమ్మ పోయినప్పటి నుంచి. పెన్సిలు కింద పెట్టి పేజీ తిప్పాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మతిమరుపు అవిరాది, నేరం నాది, కథ ముమ్మాటికీ అవిరాదే. నిర్మాతగారు రెయిన్‌కోటు ఉంచుకోవచ్చు, విషం ఉంచుకోవచ్చు, నాలుగు వైపుల హద్దులూ ఉంచుకోవచ్చు. తెర మీద అవిరా పేరు వేస్తే మర్యాదగా ఉంటుంది. ఆ కవలను మాత్రం ఆయన వెనక్కి తీసుకోవాలి.

ఆ పొద్దున కాఫీ తెచ్చింది గ్రేసీ. ఆమెకు అక్కచెల్లెళ్ళెవరూ లేరు.