కోడలి సరుకు యాడిదాకా వచ్చింది?

"కొనుగోలు పూర్తయింది" అన్న కబురు ఫోనులో టింగుమని మోగేసరికి ముస్రత్ బొరుగుల ఉగ్గానిలో పుట్నాల పొడి కలుపుతోంది. ఫైజల్ గడప దగ్గర నిలబడి, ఫోనును పెళ్ళి ఫొటోలా రెండు చేతులతో ఎత్తి చూపించాడు.

"వచ్చిందా?"

"వచ్చింది! మనకిప్పుడు బిట్‌కాయిన్ ఉంది ముస్రతూ!"

"ఎంతుంది?"

"సున్నా, పాయింటు, సున్నా, సున్నా, సున్నా..."

"లేనివి తర్వాత సదువు. ఉండేది సెప్పు."

"ఐదు!"

ఇద్దరూ లాటరీ తగిలినట్టు నవ్వుకున్నారు. పెళ్ళయి నలభై రెండు రోజులు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరిదీ అని చెప్పుకునే వస్తువు ఒక్కటీ లేదు. మంచం మామ గఫూర్ సాబ్‌ది, బీరువా అత్త లాలాబీది, దాని తాళంచెవి ఎవరిదో ఎవరికీ తెలియదు. అందుకే, కొత్తకోడలి ముఖం చూసినందుకు లాలాబీ ఇచ్చిన ఐదు వేలు పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఈ కాయిన్ ముక్క కొన్నారు. ఏడాది దాచి, పెళ్ళిరోజున అందరికీ చూపించాలని వాళ్ళ ఉద్దేశం.

కొన్నది ఫైజల్ ఫోనులో. దాచుకునేది ముస్రత్ ఫోనులో. పంపేముందు ఆ యాప్ మూడు దారులు చూపింది: త్వరగా, మామూలుగా, నెమ్మదిగా. నెమ్మదిగా అయితే నలభై రూపాయలు మిగులుతాయి. బీకాం చదివిన పిల్ల కాబట్టి ముస్రత్ నెమ్మదిగానే నొక్కింది.

ఆ రోజు పని మామూలే. ఆదోనిలో గఫూర్ సాబ్ పరుపుల అంగడిలో కుట్టిన ఆరు పరుపుల్ని ఫైజల్ ఎమ్మిగనూరులో ఒక పెళ్ళివారింటికి చేర్చి మధ్యాహ్నానికి తిరిగి రావాలి. డ్రైవరు యేసేపు లగేజీ ఆటో వాకిట్లో సిద్ధంగా ఉంది.

"నీ ఫోను ఈడ పెట్టిపో," అంది ముస్రత్. "పోయిందా లేదా అని దాంట్లో సూస్తా, వచ్చిందా లేదా అని దీంట్లో సూస్తా."

ఆ నవ్వుకి ఫైజల్ ఫోనేమిటి, తల అడిగినా కోసిచ్చి పోయేవాడే. పరుపుల పైకెక్కి కూర్చుని, వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే వెళ్ళాడు.

తొమ్మిదయింది. ఫైజల్ ఫోను 'పంపాము' అంటోంది. ముస్రత్ ఫోను 'ఇంకా రాలేదు' అంటోంది. కాయిన్ ఎంతదాకా వచ్చిందో చూపే పేజీ ఒకటుంటుంది. అరవై నాలుగు అక్షరాల రసీదు నంబరు అందులో అతికిస్తే 'నిర్ధారణలు: సున్నా' అని వచ్చింది, అంటే ఇంకా ఎవరూ దాన్ని లెక్కలోకి ఎక్కించుకోలేదని. పదయింది. సున్నాయే. 'చిరునామా తప్పయితే డబ్బు తిరిగి రాదు' అని ఎక్కడో చదివింది గుర్తొచ్చింది. తన ఫోను ఇచ్చిన చిరునామాను ఫైజల్ ఫోనులోకి ఎక్కించింది తనే. అత్త ఎండాకాలమంతా పరుపులు కుట్టి కూడబెట్టిన ఐదు వేలు! వచ్చిన రెండో నెలలోనే ఇంటి డబ్బు గాలికి వదిలిన కోడలని పేరొస్తే, ఇక ఆ గడపలో తల ఎత్తడమెలా?

"ఏందమ్మా, తినకుండా రెండు ఫోన్లు ముందరేసుకోని కూసున్నావు?" గఫూర్ సాబ్ దూది దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. కోడలి కళ్ళు చూసి ఆగిపోయాడు. "ఏడుస్తాండావా?"

అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. నిజం చెప్పే ధైర్యం లేదు. మధ్యలో ఉన్నది చెప్పింది.

"ఏం లేదు మామా. ఒక సరుకు కొన్నాము. బయల్దేరింది గానీ దోవలో నిల్చిపోయింది."

సరుకు ఆగిందనే మాటకు గఫూర్ సాబ్ వెన్ను నిటారుగా అయింది. నలభై ఏళ్ళుగా దూది తెప్పించినవాడు. ఆగిన సరుకును కదిలించడం ఆయనకు నమాజు తర్వాత అంతటి పని.

"రసీదు నంబరుందా?"

"ఉంది మామా."

"బరువెంత?"

"బరువు... ఉండదు మామా."

"సరే, తేలిక సరుకు. ఎవురి దగ్గర నిల్చింది?"

"అందరి దగ్గరా ఉంది. ఎవురూ ఎత్తుకోవడంల్యా. ఎక్కువ ఇచ్చినోళ్ళది ముందు ఎక్కించుకుంటారంట."

గఫూర్ సాబ్ తొడ చరిచాడు. "అట్ల సెప్పు! హమాలీ తక్కువిచ్చినారు!"

బిట్‌కాయిన్ గురించి ముస్రత్ చూసిన పదకొండు వీడియోల్లో ఒక్కరూ ఇంత బాగా చెప్పలేదు.

"మామా, అది లారీ సరుకు కాదు..."

"రైలైనా హమాలీ హమాలీనే. నువ్వు తిను. నేను మాట్లాడతా."

ఆయన అంగడి బిల్లు వెనక ఆ నంబరంతా రాసుకున్నాడు. ఏ దిక్కునుంచి వస్తోందో తెలియదు కాబట్టి అన్ని దిక్కుల్లో తనకు తెలిసిన లారీవాళ్ళకూ ఫోన్ చేశాడు. హాలహర్వి దేవేంద్రప్పకు చెప్పాడు, మద్దికెర మద్దయ్యకు చెప్పాడు, చివరికి ఎమ్మిగనూరు లారీ ఆఫీసులో కృష్ణప్పను పట్టుకుని నంబరు చదవసాగాడు.

"ఎనిమిది, ఎఫ్, మూడు, సున్నా, ఏ, ఏ... రాసుకుంటాండావా?"

"రాస్తాండా సాబ్. ఇది లారీ నంబరా, మీ ఇంటోళ్ళందరి ఆధార్లూ కలిపినావా?"

"ఎగతాళి సాలించు. నా కోడలు కండ్లల్లో నీళ్ళు పెట్టుకునింది. హమాలీ ఎంతైనా నేనిస్తా. నా పేరు మీద ఏ సరుకు కనపడినా నిలిపి, ఆదోనికి మళ్ళించు!"

ఏ సరుకు కనపడినా అన్న మాట నోరు జారింది. కృష్ణప్ప మాత్రం మాట మీద నిలబడే మనిషి.

పదకొండింటికి యేసేపు ఆటో నెమ్మదిగా నడుస్తూ ఎమ్మిగనూరు చేరింది. లారీ ఆఫీసు ముందు మలుపులో నలుగురు హమాలీలు చేతులు చాచి అడ్డం నిలబడ్డారు. పరుపుల మీది చీటీలో 'గఫూర్ సాబ్, ఆదోని' అని కృష్ణప్ప గట్టిగా చదివాడు.

"ఇదే! వెనక్కి తిప్పు!"

"అన్నా, ఇవి ఈ ఊరికే," అన్నాడు ఫైజల్ పైనుంచి. "నేను గఫూర్ సాబ్ కొడుకుని."

"మీ నాయనే సెప్పినాడు. ఈ సరుకు కోసరం మీ ఇంట్లో కోడలు ఏడుస్తాందంటనే!"

ఫైజల్ పరుపుల మీదనుంచి ముందుకు వంగాడు.

"ఏడుస్తాందా? ముస్రత్ ఏడుస్తాందా?"

"పొద్దున్నుంచీ!" అన్నాడు కృష్ణప్ప. సహాయం చేసేటప్పుడు కొంచెం ఎక్కువ చెప్పడం ఆయనకు అలవాటు.

పరుపులకూ ఏడుపుకూ సంబంధమేమిటని ఫైజల్ అడగలేదు. పెళ్ళివారిల్లు అక్కడికి రెండు వీధులే. అదీ గుర్తు రాలేదు. "యేసేపన్నా, తిప్పు," అన్నాడు. "తొందరగా తిప్పు!"

ఆదోనిలో గఫూర్ సాబ్ ఫోను మోగింది. "సాబ్, సరుకు దొరికింది. మళ్ళించినా," అని చెప్పి కృష్ణప్ప పెట్టేశాడు. గఫూర్ సాబ్ ఆనందం పట్టలేక వీధి వీధంతా చెప్పి వచ్చాడు.

ముస్రత్ ఫోను చూసింది. నిర్ధారణలు: సున్నా. అయితే దొరికిందేమిటి? అప్పటికే లాలాబీ వసారా ఊడ్చి, రాబోయే సరుకు కోసం చాప పరిచి, "ఎంత జాగా కావాలమ్మా దానికి?" అని అడుగుతోంది. ఆ చాప చూడగానే ముస్రత్‌కు ఆపుకోలేని ఏడుపొచ్చింది. అత్త చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి, ఐదు వేల సంగతి, కాయిన్ సంగతి, నలభై రూపాయల సంగతి అన్నీ చెప్పేసింది.

"చిరునామా తప్పు కొట్టినానేమో అత్తా. నీ దుడ్లన్నీ పోయినట్టే."

లాలాబీ కొంగుతో ఆమె ముఖం తుడిచింది. "నా దుడ్లు యాడివి? నీ మొగం సూసి ఇచ్చినా. మొగం యాడికీ పోల్యా గదా, ఈడనే ఉంది. కారిపోతాంది, అంతే."

ముస్రత్ ఏడుస్తూనే నవ్వింది.

"అయినా నన్నడిగింటే పోయిందేమి?" అంది లాలాబీ. "ఇంకో ఐదు వేసి పదివేలకు కొందుము."

బయట ఆటో ఆగిన చప్పుడు. వీధిలో పదిమంది పోగయ్యారు. గఫూర్ సాబ్ ముందుకొచ్చి, "జాగర్త, తేలిక సరుకు!" అని అరిచాడు. తాళ్ళు విప్పారు. మొదట ఆయన కుట్టిన పరుపులే ఆరూ కనిపించాయి. తర్వాత వాటి మీదనుంచి, తలనిండా దూదితో, ఆయన కొడుకు దూకాడు.

ఫైజల్ ఎవరినీ చూడలేదు. నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఏడుస్తాండావంట?"

"కాయిన్ రాలేదని ఏడిసినా. పరుపులు ఇచ్చినావా?"

"ల్యా. నువ్వు ఏడుస్తాండావని తిరుక్కోని వచ్చేసినా."

ముస్రత్ అతని జుట్టులోంచి ఒక దూదిపింజ తీసి, ఏం చెయ్యాలో తెలియక పిడికిట్లో దాచుకుంది. సరిగ్గా అప్పుడే ఆమె ఫోను టింగుమంది. నిర్ధారణలు: ఒకటి. చిరునామా తప్పు కాలేదు. సున్నాల వెనకాల ఐదు, చెక్కు చెదరకుండా వచ్చి కూర్చుంది.

"వచ్చింది మామా!" అని ఆమె కేక పెట్టింది.

"రాకేమి?" గఫూర్ సాబ్ మీసం దువ్వాడు. "ఫోన్ కొట్టి అడగందే ఏ సరుకూ కదలదు." ఏం సరుకో లాలాబీ చెవిలో చెప్పింది. ఆయన తొణక్కుండా, "బరువు లేదని సెప్పినప్పుడే అనుకుంటి," అన్నాడు. అని ఊరుకోక, ఈసారి దూది కూడా ఇట్ల ఫోనులో తెప్పించవచ్చా అని కోడల్ని అడిగాడు.

అంతలో ఎమ్మిగనూరు పెళ్ళివారు ఫోన్ చేశారు. ఎల్లుండి పెళ్ళి, పరుపులేవీ అని. గఫూర్ సాబ్ గొంతు సవరించుకుని అక్కడికక్కడే ప్రకటించాడు. "రేపు పొద్దున ఆరింటికి బండి కదులుతాది. ముస్రతూ, మీ పుట్టిల్లూ ఆ ఊరే గదా, నువ్వూ పో. మీ అమ్మను సూసినట్టుంటాది."

ముస్రత్, ఫైజల్ ఒకరినొకరు చూసుకున్నారు. ఆరు పరుపులు, పొద్దుటి గాలి, ముప్పై కిలోమీటర్లు, ఇద్దరే.

"మధ్యలో ఎవురైనా నిలిపితే మాట్లాడేదానికి నేనూ వస్తా," అన్నాడు గఫూర్ సాబ్. ఆ వెంటనే లాలాబీ, తనకూ వియ్యపురాలిని చూడాలని ఉందంది.

మర్నాటి ప్రయాణానికి చోట్లు అప్పుడే ఖాయమయ్యాయి: పరుపుల మీద ఈ కొసన కోడలు, ఆ కొసన కొడుకు, నడుమ అత్తామామలు.