నడిచే మగ్గానికే నూలు

యుద్ధం మూలంగా నూలు కరువైందనీ, ఉన్న నూలును న్యాయంగా పంచాలనీ సర్కారు వారు తలపెట్టిన సంగతి వరంగల్ ప్రజలకు విదితమే. ఆ పనికి ఒక కమిటీ వేశారు. నూలు కావలసినవాళ్లే కమిటీలో కూర్చుంటే పక్షపాతం వస్తుందని నేతగాళ్లను దూరంగా ఉంచారు. మగ్గం ముఖం ఎన్నడూ చూడని ఇద్దరు జాగీర్దార్లను, ఒక వకీలును నియమించారు. సలహా చెప్పడానికి మాత్రం నూలు వ్యాపారంలో తలపండిన కిషన్ రావు గారిని కలుపుకున్నారు.

కమిటీ మొదటి సమావేశంలోనే గొప్ప నియమం ఒకటి పుట్టింది. నడిచే మగ్గానికే నూలు. ఆగిపోయిన మగ్గానికి నూలిస్తే సోమరితనాన్ని పెంచి పోషించినట్టే కదా! నేతగాళ్ల వాడ కాశిబుగ్గలో మగ్గాలు ఆగింది నూలు లేకనేనని ఎవరో వెనకనుంచి సణిగారు. "కారణాలు విచారిస్తూ కూర్చుంటే నియమాలు ఎప్పుడు చేస్తాం?" అన్నారు వకీలు గారు. సభ హర్షించింది. అంత చక్కటి మాట విన్నాక ఎవరు మాత్రం హర్షించరు?

కిషన్ రావు గారి బంగళాలో మగ్గం లేదు. పస్తులకు ఓర్వలేక ఎవరో అమ్ముకున్న మగ్గాన్ని తెప్పించారు. నేసేవాడు కాళ్లు పెట్టుకోవడానికి గుంత ఉండాలని తెలిసి, హాలులో నున్నటి షాబాదు బండలు పగలగొట్టించారు. దేశం కోసం బండలు త్యాగం చేశానని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. ఒకసారి తామే గుంతలో దిగి చూశారు. దిగడం బాగానే దిగారు గానీ, పైకి లాగడానికి ఇద్దరు నౌకర్లు కావలసివచ్చారు. అందుచేత సారయ్యకు కబురు వెళ్లింది.

సారయ్య కాశిబుగ్గ నేతగాడు. వాళ్లనూ వీళ్లనూ బతిమాలి తెచ్చుకున్న పిడికెడు నూలు తన మగ్గానికి ఎక్కించి ఉన్నాడు. కమిటీ మగ్గాలు చూడడానికి వచ్చిన పూట అది నడుస్తూ కనబడితే నూలు వస్తుంది. లేకపోతే మగ్గం అమ్ముకుని ఇంకొకరి దగ్గర కూలికి పోవాలి.

"దొరా, ఆ పూట నేను ఇంట్ల ఉండాలె," అన్నాడు.

"ఫికర్ చెయ్యకు సారయ్యా. కమిటీల నేనే ఉన్న. మొదలు మా ఇంటికొస్తరు, అటెంక మీ వాడకు. జర ఉరికితే అందుకుంటవు," అన్నారు కిషన్ రావు గారు.

కమిటీ వచ్చింది. సారయ్య నేశాడు. మగ్గం పక్కన నిలబడి కిషన్ రావు గారు పూలదండలు వేయించుకున్నారు. "చేతి పని మన జాతికి ప్రాణం. ఆ ప్రాణాన్ని నేను నా ఇంట్లో పెట్టుకున్నాను!" అని ఉపన్యసించారు. జాగీర్దార్లు కళ్లు తుడుచుకున్నారు. పెద్దలు ఉండగా లేవడం మర్యాద కాదు గనుక సారయ్య గుంతలోనే ఉండిపోయాడు. మోటారు కదిలాక దాని వెనక దుమ్ము తింటూ పరుగెత్తాడు.

కాశిబుగ్గలో సారయ్య గుంత ఖాళీగా ఉంది. నూలుకు పెట్టగా మిగిలిన గంజిని అతని భార్య మల్లవ్వ తాగుతోంది. పొద్దుటినుంచి ఆమె కడుపులో పడింది అదే. నూలుకు చెందవలసిన గంజిని మనుషులు తాగేస్తున్న వైనం కమిటీ కంటబడింది.

"నీ మొగడేడి?" అన్నారు ఒక జాగీర్దారు.

"ఈ దొర ఇంట్లనే ఉన్నడు కద! జర ఆగుండ్రి, వస్తడు," అంది మల్లవ్వ, కిషన్ రావు గారిని చూపిస్తూ.

కిషన్ రావు గారు జాలిగా తల ఊపారు. "ఈ కాలం పనోళ్ల సంగతి మీకెరుకే. ఇంటి పట్టున ఉండరు."

అంతలో సారయ్య రొప్పుతూ వచ్చి పడ్డాడు. "నీ బాంచెన్ దొరా, ఇందాక మీరు సూసింది నన్నే!"

వకీలు గారు అతన్ని కిందికీ పైకీ పరిశీలించారు. "మేము చూసింది కిషన్ రావు గారి మగ్గం. దాని మీద ఎవరున్నారో చూడడం మా పని కాదు."

"పని చెయ్యనోనికి నూలు, చేసెటోనికి దుమ్మా?" అంది మల్లవ్వ. ఆడమనిషి మాటకు జవాబు చెప్పే అధికారం కమిటీకి లేదు. మోటారెక్కారు.

న్యాయం జరిగింది. కాశిబుగ్గకు రావలసిన నూలంతా నడిచే మగ్గం ఉన్న ఏకైక నేతగాడు కిషన్ రావు గారికి చేరింది. అంత నూలు ఒక మగ్గానికి ఎక్కువైంది గనుక, దయతలచి సారయ్యతో పాటు వాడకట్టు వాడకట్టునే కూలికి పెట్టుకున్నారు. సారయ్య మగ్గాన్ని కూడా ఆయనే కొన్నారు.

దసరాకు కొత్త ధోవతులు బజారుకొచ్చాయి. ధర విని మనమంతా గుండెలు బాదుకున్నాం. ఆ ధర ఎవరు పెట్టారని దుకాణంలో ఒక్కరమూ అడగలేదు. "నేతోళ్లకు ఆశ ఎక్కువైంది," అన్నాం. ఆ దారినే పోతున్న సారయ్యకు వినబడేలా అన్నాం.