ఏ లోటూ లేని ఇల్లు

కేంద్రం ఈ ఏడు బడ్జెట్‌లో తేలిన లోటును అర్హులైన ఇళ్లకు పంచేసింది; సామర్లకోటలో మిక్సీలు బాగుచేసుకునే మేడిశెట్టి గవర్రాజు వంతుకొచ్చిన లోటు మంగళవారం పదకొండింటికి ఆటోలో దిగింది. దానికి ఆకారమంటూ లేదు. అది కూర్చున్న చోట కుర్చీ కనిపించదు, అంతే. వెంట వచ్చిన గుమాస్తా మూడు కాగితాల మీద సంతకాలు తీసుకుని, తిండి విషయంలో దానికి మొహమాటం లేదని చెప్పి వెళ్లిపోయాడు.

గవర్రాజు దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. బజార్లో కొన్న వంకాయలు ఇంటికొచ్చి మళ్లీ తూచుకునే రకం. వీధిలో ఇన్ని కొంపలుండగా తన కొంపకే ఎందుకొచ్చిందని ఆరా తీశాడు. పోయిన వేసవిలో సర్వేకి వచ్చినావిడకి అతని భార్య నూకరత్నం మజ్జిగిచ్చి, "దేవుడి దయవల్ల మాకే లోటూ లేదండి" అని మర్యాదకు అంది. ఆ ముక్క కాస్తా ఫారంలోకి ఎక్కింది. లేనివాళ్లకు ఇవ్వడం ప్రభుత్వ ధర్మం. ప్రభుత్వం దగ్గర పుష్కలంగా ఉన్నది లోటే. ఆ రోజు తలుపు తియ్యని పక్కింటివాళ్లు బతికిపోయారు.

నిజానికి నూకరత్నం ఎడమకంట్లో శుక్లం ముదిరిపోయింది. ఆపరేషన్ కోసం రెండేళ్లుగా జాకెట్లు కుట్టి రేకుడబ్బాలో కూడబెడుతోంది. వారం తిరక్కుండానే లోటు తన కుర్చీని ఆ డబ్బా పక్కకు జరుపుకుంది.

గవర్రాజు డబ్బా చంకన పెట్టుకుని కాకినాడలోని లోటు సర్దుబాటు కార్యాలయానికి పరిగెత్తాడు. అక్కడి అధికారిణి ఓపిగ్గానే కూర్చోమంది.

"సబ్బుకీ టీపొడికీ ఫోను రీఛార్జికీ అన్నిటికీ పన్ను కడతన్నాం కదండీ. ఆ డబ్బంతా ఏమైపోయిందండి?" అన్నాడు గవర్రాజు.

"జీతాలు, రోడ్లు, ఎరువులు, సైన్యం. పాత అప్పుల మీద వడ్డీలు."

"చాలకపోతేనండి?"

"మళ్లీ అప్పు చేస్తాం. బ్యాంకుల దగ్గర. మీరు దాచుకున్న డబ్బే లెండి."

"అంటే నా దగ్గరే అప్పట్టుకెళ్లి, లోటు కూడా నా ఇంటికే పంపారా అండి?"

"వడ్డీ మీకే వస్తుంది కదా!"

"ఆ వడ్డీ ఎక్కణ్ణించి తెత్తారండి?"

"మీరు కట్టే పన్నుల్లోంచి."

మెలిక ఎక్కడుందోనని గవర్రాజు లెక్కను తిరగేసి మరగేసి చూశాడు. ఎక్కడా పైసా తేడా లేదు. దాంతో అనుమానం రెండింతలైంది. దొంగలెక్కైతే పట్టుకుని నిలదీయొచ్చు, సరైన లెక్కను ఏం చేసుకుంటాం?

"దీన్ని వదిలించుకునే దారి చెప్పండి మేడం."

"రాబడి పెంచాలి, లేదంటే ఖర్చు తగ్గించాలి. వైద్యం లాంటివి మేమైతే ముందు వాయిదా వేస్తాం," అంటూ ఆవిడ డబ్బా వైపు చూసింది. "రద్దు అనం. వాయిదా అంటాం."

ఇంటికొచ్చి చెబితే నూకరత్నం మిషను మీద గుడ్డ సర్దుకుంది. "పోన్లెండి. మిషనుకి అలవాటైన చెయ్యే కదా, తడుముకుని కుడతాను," అంది. గవర్రాజుకి కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏం చేస్తాడు, డబ్బా తీసుకెళ్లి లోటు ముందు పెట్టాడు. మర్నాటికి డబ్బా ఖాళీ అయింది. లోటు ఆ మేరకు తగ్గి, కుర్చీకి రెండు కాళ్లు మాత్రం బయటపడ్డాయి.

ఫిబ్రవరి ఒకటిన టీవీలో బడ్జెట్ చదివారు. దేశపు లోటు అనుకున్నదానికంటే తగ్గిందని ప్రకటించగానే సభలో చాలాసేపు బల్లలు చరిచారు. ఆ చప్పుడు వింటూనే నూకరత్నం సూదీ దారం భర్త చేతికిచ్చి ఎక్కించిపెట్టమంది.

"తిన్నగా ఇటు తిరిగి చూత్తే నాకూ కనపడుద్దండి. కుడికన్ను బానే..."

గవర్రాజు గభాలున ఆమె నోరు మూశాడు. కుర్చీ వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ మాట మాత్రం ఎవరి దగ్గరా అనకే."