రెండు క్రేట్ల కోపం

ఆ ఉదయం రెడ్డెప్ప పెట్టుకున్న పని చాలా చిన్నది. మదనపల్లె మార్కెట్టులో రెండు క్రేట్ల కుళ్ళిన టమోటాలు సంపాదించాలి. మధ్యాహ్నం బస్సుకు పుంగనూరు వెళ్ళాలి. ప్రాణంకన్నా ఎక్కువగా ప్రేమించే బ్యాండు మీద వాటిని గురిచూసి విసరాలి. రాత్రి అన్నం వేళకు ఇంటికి వచ్చేయాలి. ఇందులో మూడో మనిషి ప్రమేయం ఎక్కడా లేదు. అలాంటి పనులే మన దేశంలో చివరికి ఊరేగింపులవుతాయి.

ఆ బ్యాండు పేరు ముళ్ళకంప. తొంభైల చివర్లో కుప్పంలో పుట్టింది. కుప్పంలో పొద్దున రైలెక్కితే బెంగుళూరు, సాయంత్రం రైలెక్కితే మళ్ళీ కుప్పం. ఆ రాకపోకల్లో ఎవరి సంచీలోనో వచ్చిపడిన ఒక క్యాసెట్టు విని ముగ్గురికి మతి పోయింది. పాడేవాడు గురప్ప, గిటారు వాయించేది వసుధ, డ్రమ్సు కొట్టేవాడు శాంతిపురంలో గ్రానైటు పనిచేసే సాయికుమార్. వాళ్ళు వాయించేదాన్ని హార్డ్‌కోర్ పంక్ అంటారు. పాట నిమిషం దాటదు. పల్లవి, చరణం వెతికినా దొరకవు, కోపం మాత్రం వెతక్కుండానే దొరుకుతుంది. మొదటిసారి విన్నవాళ్ళు గ్రైండర్లో రాయి పడిందేమోనని వంటింటివైపు పరిగెత్తేవారు. మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊరి దగ్గర ఒక పాత కోళ్ళ షెడ్డులో వాళ్ళు, ఎవరికీ తలవంచమంటూ, "వంగం" అనే పాట పాడినప్పుడు రెడ్డెప్ప మాత్రం ఎక్కడికీ పరిగెత్తలేదు. నిలబడినచోటే ఏడ్చాడు.

దానికి కారణం ఉంది. రెడ్డెప్ప నోట్లో నాలుక లేని మనిషి. తండ్రి కృష్ణప్పకు టమోటా మండీ, అంటే రైతుల కాయలను కమీషనుకు వేలం వేసే కొట్టు, ఉంది. చదివింది చాలు, మండీలో కూర్చో అని ఆయనంటే రెడ్డెప్ప సరే అన్నాడు. జుట్టు కత్తిరించుకో అంటే సరే అన్నాడు. పెళ్ళిచూపులకు పోయి మాలతిని చూసిరా అంటే చూసొచ్చి సరే అన్నాడు. ఆ ఒక్క సరే మాత్రం అదృష్టం కొద్దీ కలిసొచ్చింది. తాను అనలేకపోయిన "కాదు"లన్నీ ముళ్ళకంప తన తరఫున అరిచేస్తోందన్న ధైర్యంతోనే మిగతా సరేలను మోస్తూ బతికాడు. వాళ్ళు కూడా సరే అనేస్తే ఈ లోకంలో అతని పేరు మీద ఒక్క కాదు కూడా మిగలదు.

రెండువేల సంవత్సరంలో కుప్పంలో చివరి కచేరీ జరిగింది. ఆ రోజు గురప్ప మైకు పట్టుకుని, ఏనాడైనా తాము శాలువాకు తలవంచితే కుళ్ళిన టమోటాలతో కొట్టమని జనాన్ని వేడుకున్నాడు. జనమంటే పెద్దగా లేరు. వాళ్ళలో టమోటా మండీ ఉన్నవాడు రెడ్డెప్ప ఒక్కడే. కాబట్టి ఆ బాధ్యత తనదేనని అప్పుడే అనుకున్నాడు.

ఏడేళ్ళ తర్వాత ఇదిగో, పొద్దున పేపరు మడతలోంచి ఒక కరపత్రం జారిపడింది. పుంగనూరులో కొత్త బట్టల షోరూము ప్రారంభం, ఆ సందర్భంగా ముళ్ళకంప బృందం మళ్ళీ ఒకే వేదిక మీద. అంతవరకు చదివి రెడ్డెప్ప ఎగిరి గంతేశాడు. చేతిలో కాఫీ సగం లుంగీ మీద పడినా తెలియలేదు. తర్వాతి వాక్యంలో కళాకారులకు శాలువాలతో ఘన సన్మానం అని ఉంది. అది చదివి కూర్చుండిపోయాడు. ఒకే కాగితంలో ఇంత ఆనందం, ఇంత అవమానం అతనికి తన పెళ్ళిపత్రికలో కూడా ఎదురుకాలేదు.

మాలతికి విషయమంతా చెప్పాడు. ఆమె లుంగీ వంక, కరపత్రం వంక చూసింది.

"ఇష్టమైనోళ్ళు మళ్ళా కలిస్తే సంతోషపడాల గానీ, కొట్టేది యాలప్పా?"

"ఇష్టమైనోళ్ళు కాబట్టే. వేరేవోళ్ళయితే నాకేమి?"

పోకుండా ఇంట్లో ఉంటే ఈ మనిషి నెల రోజులు మొహం మాడ్చుకుని తిరుగుతాడని మాలతికి తెలుసు. పోయి కొట్టి రమ్మని, వచ్చేటప్పుడు మంచి కాయలు నాలుగు తెమ్మని చెప్పి పంపింది.

మార్కెట్టులో ఆ నెల టమోటాను అడిగే నాథుడు లేడు. కలకడ నుంచి వచ్చిన మునిలక్ష్మమ్మ తన లోడు పక్కనే గోనెపట్టా వేసుకుని కూర్చుని ఉంది. రైతుల్లో ఆమె మాటకు విలువుంది. తెల్లవారుజామున వేలం మొదలైనప్పటి నుంచి ఆమె కాయలవైపు ఎవరూ తల తిప్పలేదు. రెడ్డెప్ప దగ్గరికి వెళ్ళి, పారబోసే కాయలుంటే రెండు క్రేట్లు ఇస్తావా అమ్మా అని అడిగాడు. దేనికని ఆమె అడిగింది.

"పుంగనూర్లో మాటిచ్చి తప్పినోళ్ళుండారు. వాళ్ళమీద కొట్టేదానికి."

మదనపల్లె సంగతి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ధర పడిపోయిన నెలలో ఆ మార్కెట్టులో నిలబడి ఒకడు కొట్టడానికి టమోటాలు కావాలన్నాడంటే, అది ధర్నాయే. వేరే అర్థం అక్కడ ఎవరికీ తట్టదు. గిట్టుబాటు ధర ఇప్పిస్తానని మాటిచ్చి, తర్వాత మొహం చాటేసిన నాయకుడొకడున్నాడు. ఆ సాయంత్రం షోరూముకు రిబ్బను కత్తిరించేది ఆయనే. కరపత్రంలో అందరికంటే పెద్ద అక్షరాలు ఆయన పేరువే. రెడ్డెప్ప ఆ పేరు చదవనే లేదు. అభిమానులు తమ దేవుళ్ళ పేర్లు తప్ప మరొకరివి చదవరు.

మునిలక్ష్మమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి.

"మండీ వోళ్ళ బిడ్డవి. మా తట్టు నిలబడతావని నేననుకోలేదప్పా."

అమ్మా, అది కాదు, ఇది ఒక బ్యాండు విషయం అని అప్పుడే చెప్పేయాల్సింది. కానీ పొద్దున్నుంచి తన పంట వంక ఎవరూ చూడని మనిషికి హార్డ్‌కోర్ పంక్ గురించి ఎక్కడ మొదలుపెట్టి చెబుతాడు? పైగా ఆమె అతని చేయి పట్టుకుంది. రెడ్డెప్ప అలవాటు ప్రకారం సరేలేమ్మా అన్నాడు.

ఆ సరే మార్కెట్టంతా పాకింది. రెండు క్రేట్లు అడిగినవాడికి ఒక ట్రాలీ నిండింది. అది చూసి పక్క ఊరి వాళ్ళు తమ ట్రాక్టరు తెచ్చారు. వాళ్ళను చూసి ఇంకొకరు తెచ్చారు. ఎవరో మైకుసెట్టు కట్టారు. ఇంకెవరో రెడ్డెప్పను ముందు ట్రాక్టరు ఎక్కించి మెడలో రైతులు ధర్నాలకు వేసుకునే ఆకుపచ్చ కండువా వేశారు. శాలువాకు తలవంచినవాళ్ళను కొట్టడానికి బయల్దేరినవాడు కండువాకు తలవంచాడు. ఆ సంగతి ఊరు దాటిన తర్వాత గానీ అతనికి తట్టలేదు. తట్టాక దిగిపోదామనుకున్నాడు, కానీ ముందూ వెనకా ట్రాక్టర్లే.

దారిలో టీ కోసం ఆగినప్పుడు రెడ్డెప్ప ధైర్యం కూడగట్టుకుని మునిలక్ష్మమ్మను పక్కకు పిలిచాడు. నిజం మొత్తం చెప్పాడు. తాను కొట్టాలనుకున్నది పాటగాళ్ళననీ, వాళ్ళు ఎవరికీ వంగమని పాడి, ఇప్పుడు షోరూము ఓనరుకు వంగారనీ, తనకు ధర్నా సంగతే తెలియదనీ చెప్పుకొచ్చాడు. ఆమె టీ ఊదుకుంటూ అంతా విన్నది.

"అయితే రెండూ ఒకటే కదప్పా. ఆయప్పను కొట్టినాక వాళ్ళనీ కొడదాం. కాయలకేం తక్కువ?"

ఇంతకంటే తర్కబద్ధంగా మాట్లాడిన మనిషి ఆ రోజు రెడ్డెప్పకు తగల్లేదు. మళ్ళీ ట్రాక్టరెక్కాడు. ఈలోగా మదనపల్లెలో ఎవరో పుణ్యాత్ముడు కృష్ణప్పకు ఫోను చేసి, మీవాడు మండీలన్నీ మూయించడానికి రైతులను వెంటేసుకుని బయల్దేరాడని చెప్పాడు. మండీలు మూయించే మాట ఎవరి నోటా రాలేదు. అది ఫోనులో పుట్టింది. కృష్ణప్ప తింటున్న అన్నం వదిలేసి స్కూటరు తీశాడు.

పుంగనూరులో నాయకుడు రానే లేదు. ట్రాక్టర్ల కబురు ముందే చేరినట్టుంది, హఠాత్తుగా జ్వరం వచ్చిందని చెప్పి పంపించాడు. షోరూము ఓనరు శ్రీరాములు తానే రిబ్బను కత్తిరించుకున్నాడు. వరసగా వస్తున్న ట్రాక్టర్లను చూసి, పల్లెల నుంచి బేరాలు కట్టలు తెంచుకుని వస్తున్నాయని పొంగిపోయాడు. వెంటనే కచేరీ మొదలుపెట్టమన్నాడు.

రెడ్డెప్ప ట్రాలీ మీద నిలబడి వేదికవైపు చూశాడు. గురప్పకు బొజ్జ వచ్చింది. భుజాల మీద జరీ శాలువా మెరుస్తోంది. వసుధ కుర్చీలో కూర్చుని, క్లాసులో హాజరు తీసుకుంటున్నట్టు గిటారు మీటుతోంది. లోపల బేరాలకు ఇబ్బంది కలగకూడదని సాయికుమార్ డ్రమ్ముల మీద షోరూము వాళ్ళు తువ్వాళ్ళు కప్పారు. అప్పుడు "వంగం" మొదలైంది, జోలపాటలాగా, మధ్యమధ్యలో షోరూము పేరు చెప్పుకుంటూ.

కోపం వస్తుందనుకున్నాడు రెడ్డెప్ప. రాలేదు. చిన్నపిల్లవాడి చేతిలో వస్తువు లాక్కున్నట్టు దుఃఖం వచ్చింది. ఆ దుఃఖం అడుగున, సిగ్గులేకుండా, సంతోషం కూడా ఉంది. ముగ్గురూ ఒకేచోట ఉన్నారు. వసుధ ఇప్పటికీ తప్పు పడ్డప్పుడు నాలుక కరుచుకుంటోంది. ఆ సంతోషం ఉన్నందుకే అతనికి మరింత ఒళ్ళు మండింది.

మునిలక్ష్మమ్మ ఒక పండిన కాయ ఏరి అతని చేతిలో పెట్టింది. మార్కెట్టులో ఏ పనికైనా మొదటి చేయి మంచిదై ఉండాలి.

"బోణీ నువ్వే సెయ్యాలప్పా."

రెడ్డెప్ప విసిరాడు. అది సూటిగా వెళ్ళి గురప్ప శాలువా మీద జరీ ఉన్నచోటే పగిలింది. పాట ఆగిపోయింది. శ్రీరాములు గుండె కూడా ఆగినంత పనైంది. గురప్ప గుజ్జు తుడుచుకోకుండా ట్రాలీల వైపు చూసి, ఎవరది అని మైకులో అడిగాడు.

"నేను, రెడ్డెప్పని. కుప్పంలో నువ్వే కొట్టమన్న్యావు."

గురప్ప శాలువా మీది మరక వంక చూసుకున్నాడు.

"ఏడేండ్లయింది. ఒక్కడన్నా గుర్తు పెట్టుకోని వస్తాడని నేననుకోలేదు," అని శాలువా తీసి కింద పడేశాడు.

వసుధ కుర్చీని కాలితో వెనక్కి తన్నింది. సాయికుమార్ తువ్వాళ్ళు లాగి పారేశాడు. తర్వాత ఒక నిమిషం పాటు పుంగనూరులో జరిగింది చెప్పడం కష్టం. కోళ్ళ షెడ్డులో విన్న ఆ పాటే, ఆ వేగంతోనే, ఆ కోపంతోనే వచ్చింది. రైతులకు పాట అర్థం కాలేదు గానీ "వంగం" అన్న మాట శుభ్రంగా అర్థమైంది. అందరూ పాటా అందుకున్నారు, కాయలూ అందుకున్నారు. గుజ్జు చిందని ఒళ్ళు లేదు. షోరూము ముందు నాయకుడి ఫ్లెక్సీ ఒకటి నిలువెత్తున నవ్వుతూ నిలబడి ఉంది. పాట అయ్యేసరికి ఆ మొహం మీద నవ్వు కనపడలేదు, మొహమే కనపడలేదు.

సరిగ్గా అప్పుడే కృష్ణప్ప స్కూటరు దిగాడు. జనాన్ని తోసుకుని ట్రాలీ దగ్గరికొచ్చి, కొడుకు మెడలో ఆకుపచ్చ కండువా చూశాడు. ఆయన గొంతు పెంచలేదు. పెంచే అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

"దిగు."

రెడ్డెప్ప మోకాళ్ళు అలవాటుగా వంగబోయాయి. ఒక కాలు ట్రాలీ అంచు దాకా వచ్చింది కూడా. వేదిక మీద ముగ్గురూ తర్వాతి పాట మొదలుపెట్టకుండా అతన్నే చూస్తున్నారు. ఈ సారి తన తరఫున అరిచేవాళ్ళు ఎవరూ లేరు.

"దిగను నాయనా."

ముప్పై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి నోట ఆ మాట మొదటిసారి వచ్చింది. గొంతు కీచుగా పలికింది. మాట మాత్రం వెనక్కి పోలేదు. తిట్లు పడతాయేమోనని అందరూ చూశారు. కృష్ణప్ప కొడుకును కిందినుంచి పైకి, ఎప్పుడూ చూడని సరుకును చూసినట్టు చూశాడు. చుట్టూ నిలబడ్డ రైతులనూ చూశాడు. రేపు తెల్లవారితే తన మండీకి రావాల్సినవాళ్ళు వాళ్ళే.

"అన్నానికన్నా వస్తావా?" అన్నాడు చివరికి.

వస్తానన్నాడు రెడ్డెప్ప. కృష్ణప్ప వెనక్కి తిరిగి స్కూటరు తీశాడు. పోతూ పోతూ ఆ పాటగాళ్ళ దరిద్రపు గోల గురించి ఏదో గొణిగాడు గానీ, అది తర్వాతి పాటలో కలిసిపోయింది. ఆ పాటా, దాని తర్వాతివీ రెడ్డెప్ప నరాలు తెగేలా వాళ్ళతో పాటు అరిచాడు.

ఆ సాయంత్రం టమోటా ధర పెరగలేదు. పాటలకు ధరలు పెరిగేటట్టయితే మన దేశం ఎప్పుడో బాగుపడేది. రేటు రాకపోయినా నోరొచ్చింది, అది చాలు అని మునిలక్ష్మమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. చెంగు లేనివాళ్ళంతా తుడుచుకోవడానికి షోరూములోకి వెళ్ళారు. శ్రీరాములు కొట్లో ఉన్న తువ్వాళ్ళన్నీ దీపాలు పెట్టేలోపే అయిపోయాయి. అంత మంచి ప్రారంభోత్సవం తమ వంశంలో జరగలేదని ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు.

వేదిక దిగి గురప్ప నేరుగా రెడ్డెప్ప దగ్గరికొచ్చాడు. ఆయాసపడుతున్నాడు. గింజలు మీసానికి అంటుకుని ఉన్నాయి.

"ఈ ఒక్క పూటకే కలిసినామప్పా. రేపట్నించి ఎవురి దోవ వాళ్ళదే అనుకున్న్యాం. నువ్వొచ్చి అంతా సెడగొట్టినావు. ఇంక ఆపేది ల్యా. వచ్చే నెల కుప్పంలో పాడతాండాం, శాలువాల్లేకుండా."

పునస్సమాగమాన్ని ముగించడానికి వచ్చినవాడు దాన్ని శాశ్వతం చేసిపెట్టాడు. దానికి సంతోషించాలో, తలబాదుకోవాలో రెడ్డెప్పకు ఆఖరి బస్సులో కూర్చున్నాక కూడా తేలలేదు. పాత ముళ్ళకంప పాతగానే ఉండిపోతే ఎవరూ దాన్ని ముట్టుకోలేరు. ఇక మీదట వాళ్ళు మళ్ళీ తప్పు చేయవచ్చు, మళ్ళీ వంగవచ్చు, ప్రతిసారీ తాను బస్సెక్కి వెళ్ళి చూసుకోవాలి. అది న్యాయం కాదని అతనికి గట్టిగా అనిపించింది. అలా అనుకుంటూనే కాలితో తాళం వేస్తున్నాడు.

మాలతి తలుపు తీసి, తల నుంచి పాదం దాకా ఎర్రగా ఉన్న మొగుణ్ణి చూసి, దెబ్బలు కావని తడిమి తేల్చుకున్నాక, ఎట్లుండాది మీ బ్యాండు అని అడిగింది.

మునుపటంత బాగా లేదని రెడ్డెప్ప ఆమెకు చేత్తో సైగ చేసి చెప్పాడు, అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది కాబట్టి.