అమ్మమ్మ అనే స్థిరాంకం

ఆ శనివారం ఉదయం కార్యక్రమం నాలుగు ముక్కల్లో ఉంది: ఆరున్నరకు పాలు, ఏడింటికి తూకం, ఏడూ అయిదుకు చుక్క, ఆ తర్వాతే కాఫీ. చుక్క అంటే వంటగది తలుపు వెనక అంటించిన ఎదుగుదల చార్టు మీద పెట్టేది. కార్యక్రమం అమ్మమ్మ రచన. ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో గణాంకశాస్త్రం బోధించి విరమించిన ఆవిడ, మూడు వారాల్లో కూతురు తిరిగి ఉద్యోగంలో చేరేనాటికి మూడునెలల మనవరాలి బాధ్యత తీసుకోవడానికి వచ్చింది. బాధ్యత అంటే ఆవిడ దృష్టిలో కొలత.

పుట్టినప్పుడు చిన్నదిగా ఉండటంతో పాపకు ‘చిటికెడు’ అన్న పేరు స్థిరపడింది. ముందురోజే క్లినిక్కులో తూచిన డాక్టరమ్మ అయిదు కిలోల ఆరు వందలు అనీ, ముప్పై అయిదో పర్సెంటైల్ అనీ చెప్పి పంపింది.

"ముప్పై అయిదా? బొటాబొటీగా పాసయిందన్నమాట," అంది ఎదురింటి దర్జీ ఆవిడ.

"అవి మార్కులు కావమ్మా," అంది అమ్మమ్మ, గొంతులో మంచు పేరుకుంటుండగా. "ఈ వయసు ఆడపిల్లల్ని వందమందిని బరువు ప్రకారం వరసగా నిలబెడితే, మన పిల్ల వెనక ముప్పై అయిదుగురుంటారు. అంతే. ముందున్నవాళ్ళు ఘనులూ కారు, వెనకున్నవాళ్ళు రోగిష్ఠులూ కారు. పిల్ల తన గీత వెంట తను పోతోందా లేదా, అదొక్కటే చూడాలి."

"మూడునెలల పిల్లలు నిలబడతారా, టీచరమ్మా?"

అజ్ఞానంతో వాదించడం అమ్మమ్మ విరమణతోపాటే మానేసింది.

ఇంట్లో ఉన్నది పెద్దవాళ్ళు ఎక్కే వెయింగ్ మిషను. పాపను ఎత్తుకుని ఎక్కాలి. వచ్చిన అంకెలోంచి ఎత్తుకున్నవారి బరువు తీసెయ్యాలి. అమ్మమ్మ బరువు అరవై రెండు కిలోలు. పదకొండేళ్ళుగా ప్రతి వైద్య పరీక్షలోనూ అంతే.

"అత్తయ్యగారూ, మీరొకసారి విడిగా కూడా ఎక్కితే..." అని నసిగాడు అల్లుడు. బస్సుల వేళలు తయారు చేసే ఉద్యోగం అతనిది. అనుకున్నది అనుకున్నట్టు జరగదని అతనికి వృత్తిరీత్యా తెలుసు.

"బాబూ, నేను స్థిరాంకాన్ని. మారేది పిల్ల."

ఆ మొదటి తూకం అయిదున్నర కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉండటంతో ఆవిడ దాన్ని అభ్యాసంగా కొట్టిపారేసింది. తర్వాతి శనివారం అరవై ఏడున్నర వచ్చింది. తీసివేస్తే పాప అయిదున్నర. క్లినిక్కు తూకంతో పోలిస్తే వారంలో వంద గ్రాములు తరుగు! ఆ వారమంతా లిఫ్టు పాడై, తాను నాలుగంతస్తులు రోజుకు ఆరుసార్లు ఎక్కి దిగిన సంగతి ఆవిడ లెక్కలోకి రాలేదు. స్థిరాంకాలు మెట్లెక్కవు కదా.

ఆనాటి నుంచి ఆవిడకు ముద్ద దిగలేదు. పాప పక్కనే కూర్చుని, తాగిన ప్రతి గుక్కకూ పుస్తకంలో గీత గీసుకుంటూ, తన కంచం సంగతి మరిచిపోయేది. ఆ పై శనివారం పాప అయిదు కిలోల రెండు వందలు. చుక్క తన గీత వదిలి కిందికి జారింది.

"మిషను తప్పేమో, అమ్మా," అంది కూతురు, కళ్ళు తుడుచుకుంటూ.

అమ్మమ్మ వెళ్ళి కొత్త మిషను కొనుక్కొచ్చింది. అదీ అదే అంకె చూపించింది. "రెండు స్వతంత్ర పరికరాలు ఏకీభవించాయి," అని ఆవిడ దుఃఖంలో కూడా కొంత తృప్తిగా ప్రకటించింది.

ఈలోగా పాప చొక్కా చేతులు బిగుసుకుపోయాయి. "పిల్ల ఒళ్ళు చేసింది, టీచరమ్మా. కుట్లు విప్పి వదులు చేస్తా," అంది దర్జీ ఆవిడ. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నేరం బట్టలుతికే మిషను మీద పడింది. అదే గుడ్డను కుదించేసిందని తేలింది. అదే వారం అమ్మమ్మ చేతి గడియారం మణికట్టు దాటి మోచేతి వైపు జారడం మొదలైంది. తోలు సాగిందని ఆవిడ పట్టీకి ఇంకో చిల్లు పెట్టుకుంది.

ఆ తర్వాతి శనివారం పాప నాలుగు కిలోల ఏడు వందలు. చుక్క అన్ని గీతల అడుగునా, తెల్లకాగితం మీద అనాథలా పడింది.

"నా పాలు చాలట్లేదమ్మా. ఎల్లుండి నేను వెళ్ళను," అంది కూతురు. నీటిని పరీక్షించే ల్యాబులో కెమిస్టు తను; ఈ సోమవారం చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. "రాజీనామా మెయిల్ రాసేశాను. పంపడమే ఆలస్యం."

ఊహ తెలిసినప్పటి నుంచీ కూతురికి "ఏమొచ్చినా ఉద్యోగం వదలకు" అని నూరిపోసింది అమ్మమ్మే. ఇప్పుడు చుక్కలు పెట్టిన చెయ్యీ తనదే.

"డాక్టరమ్మ చూశాక పంపించు," అని మాత్రం అనగలిగింది.

క్లినిక్కులో చిటికెడును పళ్ళెంలాంటి మిషనులో పడుకోబెట్టారు. ఆరు కిలోల యాభై గ్రాములు.

"మీ మిషను తప్పు," అంది అమ్మమ్మ వెంటనే.

డాక్టరమ్మ చార్టు మీద చుక్క పెట్టింది. "తన గీత మీదే చక్కగా పోతోందండీ. ఇంతకీ ఇంట్లో ఎలా తూచారు?"

అమ్మమ్మ పద్ధతి వివరించింది, సూత్రంతో సహా. డాక్టరమ్మ ఓపిగ్గా విని, గదిమూలనున్న పెద్ద మిషను చూపించింది. "ఒకసారి మీరెక్కండి."

అరవై కిలోల ఆరు వందల యాభై.

అల్లుడు గోడమీది టీకాల పట్టికను అసాధారణమైన శ్రద్ధతో చదవసాగాడు. మూడు వారాలుగా పాప కోసం తాను చిక్కిన ప్రతి గ్రామునూ పాప ఖాతాలోనే తీసివేసి, ఆ తీసివేతకు బెంగపడి ఇంకా చిక్కానని అమ్మమ్మకు బోధపడటానికి, న్యాయంగా చెప్పాలంటే, రెండు సెకన్లే పట్టింది. తప్పును కనిపెట్టడంలో ఆవిడ ఎప్పుడూ చురుకే.

"అమ్మా! అన్నం మానేశావా నువ్వు?" అంటూనే కూతురు ఫోను తీసి మెయిల్ చెరిపేసింది.

డాక్టరమ్మ మందుచీటీ రాసింది. పేరు దగ్గర పాపది కాదు, అమ్మమ్మది. మూడు పూటలా భోజనం. వారం వారం తూకం. వెంట ఒక పెద్దమనిషి ఉండాలి. ఆ పెద్దమనిషిగా అల్లుణ్ణి నియమించారు.

అమ్మమ్మలాంటి అరవై ఆరేళ్ళవారికి ఎదుగుదల చార్టు వేయాలని ఇంతవరకూ ఎవరికీ తోచకపోవడం, శాస్త్రం ఆవిడకు చేసిన ఏకైక ఉపకారం.